కాపరి బదిలీ అయిన తరువాతి ఆదివారము

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: సంఖ్యాకాండము 27:15-23)

 దినమంతా పనిచేసి అలసి, ఇప్పుడు రేడియో దగ్గర కూర్చున్న మీ కుటుంబములను ప్రభువు దీవించును గాక.

ఈ సాయంకాలము ఒక ఉత్తరముతో మొదలుపెడతాను. ఒక లూథరన్ సంఘపు పెద్దగారు వ్రాశారు. ఊరి పేరు చెప్పను. చెప్పకపోయినా, వింటున్నవారిలో చాలామంది "ఇది మా ఊరి సంగతే" అనుకొంటారు.

వారి మధ్య 9 సంవత్సరములు పరిచర్య చేసిన అయ్యగారికి మే నెలలో బదిలీ అయింది. కొత్త అయ్యగారు ఇంకా రాలేదు. పక్క పారిష్ అయ్యగారు నెలకొక ఆదివారము వచ్చి ప్రభురాత్రి భోజన సంస్కారము ఇచ్చి వెళ్తున్నారు. ఆ ఆదివారము గుడి నిండుతుంది. తక్కిన ఆదివారములలో నలభైమంది కూడా కనబడరు. యౌవనస్థులు కొందరు టౌనులో వేరే కూటములకు పోతున్నారు. ఒక వీధివారు పాత అయ్యగారినే తిరిగి పంపమని కాగితము మీద సంతకములు పెట్టిస్తున్నారు. రెండవ వీధివారు ఆయన తప్ప ఎవరైనా సరేనని ఇంకొక కాగితము తిప్పుతున్నారు. కానుకల లెక్క ఎవరి దగ్గర ఉండాలన్న విషయము మీద కమిటీ రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ కేకలతో లేచింది. చివర ఆయన ఇలా వ్రాశారు: "అయ్యగారూ, మేము కాపరిలేని గొఱ్ఱెలమైపోయాము. కొత్త అయ్యగారు వచ్చేసరికి ఈ సంఘములో ఎవరైనా మిగులుతారా?"

పెద్దగారూ, మీ ఉత్తరము నా బైబిలులో పెట్టుకొని రెండు వారములు తిరిగాను. మీరు వ్రాసిన ఆ మాట, కాపరిలేని గొఱ్ఱెలు అన్న మాట, మోషే ప్రార్థనలోనిది. అది ఏ సమయములో పుట్టిందో చూడండి. అబారీము కొండ ఎక్కి వాగ్దాన దేశమును చూడు, ఆ తరువాత నీవు నీ పితరుల యొద్దకు చేరుతావు అని దేవుడు అప్పుడే మోషేకు చెప్పాడు. నలభై ఏళ్ళు మోసిన భారము. నదికి ఇవతలే ఆగిపొమ్మన్న ఆజ్ఞ. మనలో ఎవరమైనా ఏమి అడుగుతాము? ప్రభువా, ఇంకొక్క సంవత్సరము అని అడుగుతాము. మరొకచోట మోషే కూడా ఆ దేశములోనికి వెళ్ళనిమ్మని బతిమాలుకొన్నాడు; ఆయనా మనవంటి మనిషే. అయితే ఇక్కడ మాత్రము తన మాట ఎత్తలేదు. ఈ జనులకు ముందు నడిచే ఒక మనిషిని నియమించు అని అడిగాడు. వీరు నా సమాజమనలేదు, యెహోవా సమాజమన్నాడు.

దేవుడు యెహోషువను చూపించాడు. అతనిమీద నీ చెయ్యి ఉంచు అన్నాడు. మోషే చేసినదేమిటో 23వ వచనములో చదవండి. చెయ్యి ఉంచమంటే, తన చేతులు ఉంచాడు. దేవుడు ఒక చెయ్యి అడిగిన చోట ఆయన రెండూ ఇచ్చాడు. అది గుడారములో రహస్యముగా జరుగలేదు. యాజకుడైన ఎలియాజరు ఎదుట, సర్వసమాజము ఎదుట జరిగింది. రేపు ఎవరైనా "మోషే ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు" అని యెహోషువతో అంటే, ఆ చేతులను కళ్ళారా చూసినవారు పక్కనే ఉంటారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది రేడియోలో చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

నేను ఒక పారిష్‌లో 11 సంవత్సరములు ఉన్నాను. అక్కడనుండి నలభై మైళ్ళ దూరమునకు బదిలీ అయింది. వీడ్కోలు సభలో శాలువాలు కప్పారు, ఏడ్చారు, నేనూ ఏడ్చాను. మూడు వారములు తిరగకముందే ఒక ఇంటివారు వచ్చారు. "మా అమ్మాయికి బాప్తిస్మమిచ్చింది మీరు, కన్ఫర్మేషన్ చేసింది మీరు, పెళ్ళి కూడా మీ చేతుల మీదుగానే జరగాలి" అన్నారు. వెళ్ళాను. నా తరువాత వచ్చిన యౌవన కాపరి ముందు బెంచీ మీద కూర్చున్నాడు. అతనిచేత ముగింపు ప్రార్థన చేయించారు. తరువాత ఒక గృహప్రతిష్ఠ. తరువాత ఒక సమాధి కార్యక్రమము. వెళ్ళిన ప్రతిసారీ భోజనముల దగ్గర ఎవరో ఒకరు నా పక్కకు చేరి, "మీరున్నప్పటిలా లేదు అయ్యగారూ" అనేవారు. నేను "అలా అనకూడదమ్మా" అనేవాడిని. నిజము చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగా ఉండేది. ఇంటికి వెళ్ళే బస్సులో దానిని మళ్ళీ మళ్ళీ నెమరువేసుకొనేవాడిని.

రెండేళ్ళకు ఆ యౌవన కాపరి తానే బదిలీ అడిగాడు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చాడు. మా ఇంటావిడ కాఫీ ఇచ్చింది. అతను నన్ను ఏమీ నిందించలేదు. "అయ్యగారూ, ఆ సంఘములో నేను ఇంతవరకు ఒక్కరినీ సమాధి చేయలేదు" అన్నాడు, అంతే. రెండేళ్ళలో అక్కడ చనిపోయినవారెందరో నాకు తెలుసు. ఎందుకంటే ప్రతి ఒక్కరి కొరకు నన్నే పిలిచారు, నేను వెళ్ళాను. ఒక కాపరి తన ప్రజల కన్నీళ్ళ దగ్గర నిలబడకుండా వారికి ఎలా కాపరి అవుతాడు? ఆ చోటు నేను ఆక్రమించాను. ప్రేమతోనే అనుకొన్నాను. అందులో ప్రేమ ఎంతో, నా పేరు మీద నాకున్న మోజు ఎంతో, ప్రభువుకు తెలుసు. ఆయన క్షమించాడని నమ్ముతున్నాను. అప్పటినుండి ఎవరు పిలిచినా, "ముందు మీ అయ్యగారిని అడగండి, ఆయన రమ్మంటే వచ్చి, ఆయన పక్కన నిలబడి ప్రార్థన చేస్తాను" అంటున్నాను. బదిలీ మీద ఉన్న నా తోటి సేవకులు ఎవరైనా వింటుంటే, అన్నా, మీరు కూడా అలాగే చెయ్యండి.

పెద్దగారూ, మీ పాత అయ్యగారు ఆత్మీయుడే. ఫోను చెయ్యండి, పండుగకు పలకరించండి. అయితే సంతకముల కాగితము ఆయనకు మేలు చెయ్యదు. ఇప్పుడు ఆయన ఉన్న చోట ఇంకొక సంఘము ఆయనవైపు చూస్తున్నది.

సరే, మరి కాపరి రాని ఈ నెలల సంగతి ఏమిటి?

మనము లూథరన్లము. సంఘము అంటే ఏమిటో మన పెద్దలు 1530 జూన్ 25న ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట చదివి వినిపించారు. సువార్త శుద్ధముగా ప్రకటింపబడి, సంస్కారములు సువార్త ప్రకారము జరిగే విశ్వాసుల కూడికే సంఘమన్నారు. అది 7వ ఆర్టికల్. 14వ ఆర్టికల్‌లో, క్రమముగా పిలువబడనివారు బహిరంగముగా బోధించరాదు, సంస్కారములు ఇయ్యరాదు అన్నారు. ఈ రెండూ కలిపి చదవాలి. అభిషేకము పొందిన కాపరి మనకు అవసరమే. అందుకే పక్క పారిష్ అయ్యగారు ఎండలో అంత దూరము వస్తున్నారు. కానీ ఆయన రాని ఆదివారము మీ గుడి గోడౌను అయిపోదు. గంట మోగించండి, ఎప్పుడూ మోగించే వేళకే. ఆ దినమునకు నియమించిన పాఠములు చదవండి. విశ్వాస ప్రమాణము చెప్పండి, పాట పాడండి, పరలోక ప్రార్థన చెయ్యండి. ప్రసంగము కొరకు కంగారు పడకండి. అచ్చయిన మంచి ప్రసంగము ఒకటి, మీ అధ్యక్షులను లేదా పక్క అయ్యగారిని అడిగి తెచ్చుకొని, స్పష్టముగా చదవగలవారిచేత చదివించండి. బాగా చదవడము వచ్చిన టీచరమ్మగారు మీ సంఘములో తప్పక ఉంటారు. చంటిబిడ్డ ప్రాణాపాయములో ఉంటే అయ్యగారి కొరకు ఎదురుచూడకండి. విశ్వాసి ఎవరైనా నీళ్ళతో తండ్రియొక్క, కుమారునియొక్క, పరిశుద్ధాత్మయొక్క నామమున బాప్తిస్మమియ్యవచ్చు. తరువాత అయ్యగారికి చెప్పి రిజిస్టరులో వ్రాయించండి.

ఇంకొక మాట. కాపరి లేని ఒక సంఘములో లూథరు గారే బదులు కాపరిగా ఉన్నారు, ఈ సంగతి మనవారిలో చాలామందికి తెలియదు. విట్టెన్‌బర్గ్ పట్టణ సంఘమునకు 1523 నుండి కాపరి బుగెన్‌హాగెన్ గారు. లూథరు గారు విశ్వవిద్యాలయములో బోధకుడు, ప్రసంగీకుడు. 1528 మే నెలలో బ్రౌన్‌ష్వైగ్ పట్టణమువారు తమ సంఘమును క్రమపరచుటకు బుగెన్‌హాగెన్ గారిని పిలిపించుకొన్నారు. అక్కడనుండి ఆయన హాంబర్గ్ వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి 1529 జూన్ అయింది. ఆ సంవత్సరమంతా పల్పిట్ బరువు లూథరు గారి మీద పడింది. ఆరోగ్యము అంతంత మాత్రము. ఆ ఆగస్టులో ఎనిమిది నెలల బిడ్డ ఎలిజబెత్‌ను సమాధి చేశారు.

ఆ ఖాళీలో ఆయన ఏమి బోధించారు? గొప్ప గొప్ప సంగతులు ఎత్తుకోలేదు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, పరలోక ప్రార్థన, బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము. మే నెలలో ఒకసారి, బిడ్డ పోయిన తరువాత సెప్టెంబరులో మరొకసారి, నవంబరు 30న మొదలుపెట్టి డిసెంబరులో మూడవసారి, అవే పాఠములు. ఆ శరత్కాలముననే చుట్టుపక్కల గ్రామముల సంఘములను పరిశీలించడానికి వెళ్ళి, ప్రజలకు క్రైస్తవ బోధ ఏమీ తెలియదని, అనేకమంది కాపరులకు బోధించే శక్తి కూడా లేదని కళ్ళారా చూసి బాధపడ్డారు. ఈ ప్రసంగములనుండి, ఆ బాధనుండి 1529లో రెండు కేటకిజములు పుట్టాయి. చిన్న కేటకిజము మొదట గోడకు తగిలించుకొనే పెద్ద కాగితములుగా అచ్చయింది. దానిలో ప్రతి భాగము పైన, ఇంటి యజమానుడు తన ఇంటివారికి దీనిని ఎలా నేర్పాలి అన్న సూచన ఉన్నది. మనము దానిని కన్ఫర్మేషన్ క్లాసులో పిల్లలచేత వల్లె వేయించి, తరువాత పెట్టెలో పెట్టేశాము. అది పెట్టె కొరకు వ్రాసినది కాదు, వంటిల్లు ఉన్న ఇంటి కొరకు వ్రాసినది.

ఉజ్జీవము అనగానే మనకు షామియానా, మైకులు, మూడు రాత్రుల కూటములు గుర్తుకొస్తాయి. వాటికి నేను వ్యతిరేకిని కాను, చాలాచోట్ల నేనే మాట్లాడాను. అయితే నాలుగవ దినము ఉదయము షామియానా విప్పిన తరువాత ఆ ఊరిలో ఏమి మిగిలిందని ఎప్పుడైనా వెనక్కు వెళ్ళి చూశామా? మీ ఉత్తరములో మరొక వాక్యము ఉన్నది, మీరు దానిని మామూలుగా వ్రాసేశారు. స్త్రీల సమాజమువారు బుధవారము ప్రార్థన మాత్రము మానలేదని, ఎనిమిదిమంది వస్తున్నారని వ్రాశారు. పెద్దగారూ, నేను మీ ఊరికి వస్తే ముందు ఆ ఎనిమిదిమంది దగ్గరకే వెళ్తాను. వారి చేతికి కేటకిజము ఇవ్వండి. వారానికి ఒక ఆజ్ఞ. ఇంటికి వెళ్ళి భర్తకు, పిల్లలకు, అత్తగారికి చెప్పమనండి. ఎనిమిదవ ఆజ్ఞ దగ్గరకు వచ్చినప్పుడు, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న దగ్గర, లూథరు గారు ఇచ్చిన వివరణ నిదానముగా చదవండి. మన పొరుగువాని తరఫున మాట్లాడాలి, అతని క్రియలకు మంచి అర్థము చెప్పాలి అని దాని భావము. దానిని రెండు వీధులవారూ ఒకే గదిలో కూర్చుని చదివితే ఆ సంతకముల కాగితములు ఏమవుతాయో చూడాలని నాకు ఆశగా ఉన్నది.

ఈ గుంపుల జబ్బు కొత్తది కాదు. కొరింథులో నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని పంచుకొన్నారు. పౌలు తన పక్షమువారిని మెచ్చుకోలేదు. ఒకడు నాటాడు, ఇంకొకడు నీళ్ళు పోశాడు, మొక్కను పెంచినవాడు దేవుడు గదా అని తన గుంపును తానే మందలించాడు.

కానుకల లెక్క విషయము కొంచెము చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఆత్మీయ మాటలు చెప్పి డబ్బు మాట దాటవేస్తే పోట్లాట అక్కడే దాగి ఉంటుంది. 1523లో లైస్నిగ్ అన్న చిన్న పట్టణపు సంఘము తన కాపరిని తానే పిలుచుకొనే విషయములోను, సంఘపు సొమ్ము విషయములోను లూథరు గారి సలహా అడిగింది. వారు గుడిలో ఒక పెట్టె పెట్టారు. దానికి నాలుగు వేరు వేరు తాళములు. ఒక తాళపు చెవి జమీందారుల దగ్గర, ఒకటి పట్టణ సభ దగ్గర, ఒకటి పట్టణ ప్రజల దగ్గర, నాలుగవది పల్లె రైతుల దగ్గర. నలుగురూ వస్తేనే పెట్టె తెరుచుకొనేది. ఎవరినీ అనుమానించనక్కరలేదు, ఎవరూ దొంగ అనిపించుకోనక్కరలేదు. మీ కమిటీలో రెండు వీధులనుండి ఇద్దరు, స్త్రీల సమాజమునుండి ఒకరు కలిసి ఆదివారము ఆరాధన అయిన వెంటనే అందరి ఎదుట లెక్కపెట్టి, పుస్తకములో వ్రాసి, సంతకములు చెయ్యండి. సంతకములు పెట్టాలని అంత ఆశ ఉంటే అక్కడ పెట్టండి!

మన తెలుగు సంఘముల కథ కూడా కాపరులు మారిన కథే. ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరు చేరిన సంగతి సండే స్కూలు పిల్లలు కూడా చెప్తారు. ఆయన వెళ్ళిపోయిన సంగతి మనము తక్కువగా చెప్పుకొంటాము. ఆయన మూడుసార్లు ఈ దేశమును విడిచి వెళ్ళారు. 1846లో మొదటిసారి వెళ్ళినప్పుడు, 1844లో వచ్చిన వాల్టర్ గన్ గారు గుంటూరు పనిని నిలబెట్టారు. హయ్యర్ గారు 1848లో తిరిగి వచ్చి, మరుసటి సంవత్సరము పల్నాడులోని గురజాల చేరారు. గన్ గారు గుంటూరులోనే ఉండి 1851లో అక్కడే కన్నుమూశారు. 1857లో హయ్యర్ గారు రెండవసారి వెళ్ళారు. ఇక రారని అందరూ అనుకొని ఉంటారు. 1869లో, పనివారు లేక రాజమండ్రి మిషనును వేరొక మిషనరీ సొసైటీకి అప్పగించబోతున్నారని విని, 76 ఏళ్ళ వయస్సులో ఓడ ఎక్కారు. ఎన్నాళ్ళున్నారు? ఏడాది పైచిలుకు. 1870లో ష్మిట్ గారనే యౌవనుడు రాగానే పని అప్పగించి, 1871లో వెళ్ళిపోయారు. 1873లో ప్రభువునందు నిద్రించారు. అప్పగించడానికే అంత దూరము వచ్చిన వృద్ధుని గూర్చి ఆలోచించినప్పుడల్లా, పెళ్ళిభోజనముల దగ్గర కూర్చున్న నేను నాకు గుర్తుకొస్తాను.

ఆయన వెళ్ళిన ప్రతిసారీ గోదావరి తీరమున, పల్నాటి పల్లెలలో కొద్దిమంది విశ్వాసులు ఉత్తరములోని మీ ప్రశ్నే వేసుకొని ఉంటారు. వారి మనుమలు, మునిమనుమలు 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడినప్పుడు ఉన్నారు. మీరు ఇప్పుడు ఉన్నారు.

కొత్త అయ్యగారు ఎప్పుడో ఒకనాడు బస్సు దిగుతారు. పార్సనేజీకి ఇప్పుడే సున్నము వేయించండి, బావి పూడిక తీయించండి. ఆయన పేరు ఇంకా తెలియకపోయినా ప్రతి ఆదివారము ఆయన కొరకు ప్రార్థించండి. వచ్చిన మొదటి వారములోనే లెక్కల పుస్తకము, బాప్తిస్మపు రిజిస్టరు, మంచముపట్టినవారి జాబితా ఆయన చేతిలో పెట్టండి. ఎవరు ఏ వీధి పక్షమో చెప్పడానికి తొందరపడకండి. ఆయన పాత అయ్యగారిలా పాడలేకపోవచ్చు, మీకు నచ్చిన పాట ఆయనకు రాకపోవచ్చు. మీ ఇంట ఎవరైనా కన్నుమూస్తే, దూరముగా ఉన్న మరొకరికి ఫోను చేయకముందు, ఆ రాత్రివేళనే వెళ్ళి ఆయన తలుపు తట్టండి.

ప్రార్థన చేసుకొందాము. ప్రభువా, గొఱ్ఱెల గొప్ప కాపరీ, ఈ ఉత్తరము వ్రాసిన నీ దాసుని, ఆయన సంఘమును నీ చేతికి అప్పగిస్తున్నాము. బుధవారము కూడుకొంటున్న ఆ ఎనిమిదిమంది సహోదరీలను బలపరచుము. రెండు వీధులను ఒక్క బల్ల దగ్గరకు తీసుకొనిరమ్ము. వెళ్ళిన కాపరికి అక్కడ కొత్త ప్రేమను, రానున్న కాపరికి ఇక్కడ తెరిచిన తలుపులను దయచేయుము. మాలో విడువలేక పట్టుకొన్నవారిని క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.